ఎఫ్‌డీనా, బాండా, పీపీఎఫ్‌నా: పన్ను పోయాక చేతిలో మిగిలేది ఎంత?

బ్యాంకు ఎఫ్‌డీకి 7 శాతం అంటుంది. ఆర్‌బీఐ ఫ్లోటింగ్ రేట్ బాండుకు 8.05. పీపీఎఫ్‌కి (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్, ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతా) 7.1. ఈ మూడింటినీ పక్కపక్కన రాసుకుని పెద్ద అంకె ఉన్నచోట డబ్బు పెట్టేయడం మామూలే. కానీ ఇవి ఒకే రకం అంకెలు కావు. మొదటి రెండూ పన్ను కట్టకముందువి, మూడోది పన్నుతో పనిలేనిది. పోల్చాలంటే ముందు అన్నింటినీ పన్ను పోయాక మిగిలే అంకెల్లోకి మార్చుకోవాలి. ఆ మార్పు బ్యాంకువాళ్లు చేసిపెట్టలేరు. ఎందుకంటే పన్ను ఆ డిపాజిట్‌ని బట్టి కాదు, మీ మొత్తం ఆదాయాన్ని బట్టి పడుతుంది.

ఇక్కడి లెక్కలు 2025-26 ఆర్థిక సంవత్సరానివి, మన దేశంలో ఉంటున్నవాళ్లకు సంబంధించినవి. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం అమలు కాబట్టి సెక్షన్ల నంబర్లు మారతాయి. అయినా 80టీటీఏ, 15జీ లాంటి పేర్లు అందరి నోళ్లలో నానిపోయాయి. వాటినే వాడుతున్నాను.

ముందు మీ స్లాబు తేల్చుకోండి

సేవింగ్స్ ఖాతా, ఎఫ్‌డీ, ఆర్‌డీ, బాండు, ఎక్కడి వడ్డీ అయినా మినహాయింపు అని ప్రత్యేకంగా చెప్పకపోతే "ఇతర ఆదాయం" కింద మీ జీతానికో, పెన్షన్‌కో కలుస్తుంది. కలిశాక మొత్తం ఏ స్లాబులో పడితే ఆ రేటు. వడ్డీకంటూ వేరే రేటు లేదు.

పన్ను లెక్కకు రెండు విధానాలున్నాయి: తగ్గింపులు ఎక్కువుండే పాతది, అవి చాలావరకు లేని కొత్తది. కొత్త విధానంలో రూ.4 లక్షల దాకా పన్ను లేదు. ఆపై ప్రతి 4 లక్షలకూ 5, 10, 15, 20, 25 శాతం చొప్పున పెరుగుతూ రూ.24 లక్షలు దాటితే 30 శాతం. ఇలా వచ్చిన పన్ను మీద మళ్లీ 4 శాతం సెస్, అంటే అదనపు సుంకం. పన్ను వేయదగ్గ ఆదాయం రూ.12 లక్షలు దాటకపోతే రిబేటు (పన్నులో ఇచ్చే మాఫీ) వల్ల కట్టాల్సింది సున్నా. జీతగాళ్లకు రూ.75,000 స్టాండర్డ్ డిడక్షన్ ఉంది కాబట్టి రూ.12.75 లక్షల జీతం దాకా ఇదే వర్తిస్తుంది.

7 శాతం ఎఫ్‌డీని సెస్‌తో కలిపి లెక్కేస్తే 15 శాతం స్లాబులో ఉన్నవాళ్లకు మిగిలేది 5.91 శాతం. 20 శాతం స్లాబులో 5.54. 30 శాతం స్లాబులో 4.82. మొత్తం ఆదాయం 12 లక్షల లోపు ఉన్నవాళ్లకు మాత్రం 7కి 7 మిగులుతుంది. ఒకే బ్యాంకు, ఒకే డిపాజిట్, ఒకే రోజు వేసినా సరే. అందుకే పక్కింటాయనకు బాగున్న స్కీము మీకూ బాగుంటుందని లెక్క లేదు.

ఆదాయం 12 లక్షలకు బాగా దిగువన ఉన్నవాళ్లు పన్ను గురించి టెన్షన్ పడకుండా, భద్రత చూసుకుని ఎక్కువ వడ్డీ ఇచ్చేదాన్ని ఎంచుకుంటే సరిపోతుంది. టాక్స్-ఫ్రీ అన్న మాట వినగానే తక్కువ రేటు ఉన్నదాంట్లోకి పరుగెత్తడం వాళ్లకు నష్టం.

12 లక్షల గట్టు మీద ఉన్నవాళ్ల సంగతి వేరు

అందరికంటే ఎక్కువ జాగ్రత్తపడాల్సింది ముప్పై లక్షలు సంపాదించేవాళ్లు అనుకుంటాం. కాదు, సరిగ్గా 12 లక్షల దగ్గర ఉన్నవాళ్లు.

ఒకాయన జీతం రూ.12.75 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ పోగా 12 లక్షలు. పన్ను సున్నా. ఆయనకు ఎఫ్‌డీ మీద రూ.30,000 వడ్డీ వచ్చిందనుకుందాం. మొత్తం 12.30 లక్షలైంది, రిబేటు పోయింది. స్లాబుల ప్రకారం పన్ను రూ.64,500. అంత భారం పడకుండా మార్జినల్ రిలీఫ్ అడ్డుపడుతుంది. 12 లక్షలకు పైన ఎంత సంపాదిస్తే అంతకంటే ఎక్కువ పన్ను తీసుకోకూడదన్నది దాని సూత్రం. కాబట్టి పన్ను రూ.30,000కి తగ్గుతుంది. దానిమీద 4 శాతం సెస్ రూ.1,200. కట్టాల్సింది రూ.31,200.

అంటే వచ్చిన వడ్డీ మొత్తం పోయి, జీతంలోంచి ఇంకో పన్నెండు వందలు ఎదురు కట్టాలి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు. ఈ పరిస్థితి ఆదాయం సుమారు రూ.12,70,588 చేరేదాకా ఉంటుంది. ఆ తర్వాత మామూలు 15 శాతం లెక్క మొదలవుతుంది.

ఈ గట్టు మీద ఉన్నవాళ్లకు ఎఫ్‌డీ ఎంత రేటు ఇచ్చినా దండగే. 8 శాతం వచ్చినా 9 శాతం వచ్చినా మిగిలేది సున్నా కంటే తక్కువ. అదే డబ్బు పీపీఎఫ్‌లో ఉంటే 7.1కి 7.1 మిగులుతుంది. డెట్ మ్యూచువల్ ఫండ్ (బాండ్లలో డబ్బు పెట్టే ఫండ్) గ్రోత్ ఆప్షన్‌లో, అంటే రాబడి మధ్యలో తీసుకోకుండా ఫండ్‌లోనే పెరిగేలా ఉంటే అమ్మేదాకా పన్ను లెక్కలోకే రాదు. యజమాని ద్వారా ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం) కట్టించుకునే వీలుంటే ఆ మొత్తం (బేసిక్, డీఏల మీద 14 శాతం దాకా) కొత్త విధానంలోనూ ఆదాయంలోంచి తీసేస్తారు. దాంతో వడ్డీ కలిసినా 12 లక్షల లోపే ఉండొచ్చు. జీతం 12 నుంచి 13 లక్షల మధ్య ఉన్నవాళ్లు మార్చి దాకా ఆగకుండా ఏప్రిల్‌లోనే ఈ లెక్క చూసుకోవాలి. ఎఫ్‌డీ వేశాక వడ్డీని వెనక్కి పంపలేం కదా.

సేవింగ్స్ ఖాతా: మినహాయింపు ఉందా, లేదా?

"పదివేల దాకా సేవింగ్స్ వడ్డీకి పన్ను లేదు" అన్న మాట అందరూ వినే ఉంటారు. అది 80టీటీఏ, పాత విధానం ఎంచుకున్నవాళ్లకే. కొత్త విధానంలో మొదటి రూపాయి నుంచీ వడ్డీ ఆదాయంలో కలపాల్సిందే. పైగా 2025 జూన్‌లో ఎస్‌బీఐ లాంటి పెద్ద బ్యాంకులు సేవింగ్స్ రేటును 2.5 శాతానికి దించాయి. ఆ రేటున పదివేల వడ్డీ రావాలంటే ఏడాదంతా నాలుగు లక్షలు ఖాతాలో పడి ఉండాలి. మినహాయింపు కోసం ఎవరూ అంత డబ్బు అలా వదిలేయరు.

ఇందులో చాలామంది గమనించని చిక్కు ఆటో స్వీప్. ఖాతాలో ఓ హద్దు దాటిన డబ్బు దానంతటదే డిపాజిట్‌గా మారుతుంది. పాస్‌బుక్‌లో అంతా ఒకేచోట కనిపిస్తుంది కాబట్టి అదీ సేవింగ్స్ వడ్డీయే అనుకుని 80టీటీఏలో వేసేస్తారు. కానీ స్వీప్ మీద వచ్చేది టర్మ్ డిపాజిట్ వడ్డీ. దానికి 80టీటీఏ వర్తించదు, టీడీఎస్ (వడ్డీ ఇచ్చేటప్పుడే బ్యాంకు ముందుగా పట్టుకునే పన్ను) మాత్రం వర్తిస్తుంది.

పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాను మనం తక్కువగా చూస్తాం కానీ, దాని వడ్డీలో రూ.3,500 దాకా, జాయింట్ ఖాతా అయితే రూ.7,000 దాకా పన్ను లేదు. ఇది కొత్త విధానంలోనూ ఉంది. రేటు 4 శాతం. అంటే రూ.87,500 అందులో ఉంచితే వచ్చే వడ్డీ మొత్తం మీదే. 30 శాతం స్లాబులో ఉన్నవాళ్లకు ఇది 5.81 శాతం ఎఫ్‌డీతో సమానం, పైగా ఎప్పుడంటే అప్పుడు తీసుకోవచ్చు. అత్యవసర నిధిలో కొంత అక్కడ పెట్టడం తెలివైన పనే, కౌంటర్ దగ్గర నిలబడే ఓపిక ఉంటే.

ఎఫ్‌డీ: టీడీఎస్ వేరు, పన్ను వేరు

ఎఫ్‌డీ విషయంలో జనం మోసపోయేది రేటులో కాదు, టీడీఎస్‌ని పన్ను అనుకోవడంలో. ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ రూ.50,000 దాటితే (60 ఏళ్లు నిండినవాళ్లకు రూ.లక్ష) బ్యాంకు 10 శాతం పట్టుకుంటుంది. పాన్ ఇవ్వకపోతే 20. ఈ హద్దులు 2025 ఏప్రిల్ నుంచి వచ్చినవి. అన్ని బ్రాంచీల్లోని డిపాజిట్లూ కలిపే చూస్తారు కాబట్టి ఒకే బ్యాంకులో బ్రాంచీలు మార్చి లాభం లేదు. నాలుగు బ్యాంకుల్లో విడివిడిగా వేస్తే టీడీఎస్ తప్పుతుంది, పన్ను తప్పదు. ఆ వడ్డీ వివరాలు ఏఐఎస్‌లో, అంటే ఆదాయపు పన్ను శాఖ దగ్గరుండే మీ వార్షిక సమాచార పట్టికలో, చేరుతూనే ఉంటాయి.

ఇక టీడీఎస్ కోసేశారు కాబట్టి మన పని అయిపోయిందనుకోవడం రెండో పొరపాటు. 30 శాతం స్లాబులో ఉంటే బ్యాంకు కోసింది పది శాతమే, మిగతా 21.2 శాతం మీరు కట్టాలి. ఇలా మిగిలే పన్ను ఏడాదికి రూ.10,000 మించితే అడ్వాన్స్ టాక్స్ (ఏడాది ముగిసేలోపే వాయిదాల్లో కట్టే పన్ను) కట్టాలి, లేకపోతే నెలకు ఒక శాతం చొప్పున వడ్డీ పడుతుంది. వ్యాపార ఆదాయం లేని సీనియర్ సిటిజన్లకు ఈ బాదరబందీ లేదు. ఉద్యోగులకు దీనికో సులువైన దారి ఉంది. వడ్డీ ఆదాయం ఎంత వస్తుందో ఆఫీసులో ముందే చెప్పి, దాని పన్ను కూడా జీతంలోంచే కోయించుకోవడం.

క్యుములేటివ్ డిపాజిట్ (వడ్డీ మధ్యలో ఇవ్వకుండా అసలుకు కలుపుతూ పోయేది) దగ్గర ఇంకో మెలిక. పది లక్షలు ఐదేళ్లకు 7 శాతం మీద వేశారు. మూడు నెలలకోసారి చక్రవడ్డీ కలిస్తే చివర్లో దాదాపు రూ.14.15 లక్షలు వస్తాయి. డబ్బు చేతికొచ్చేది ఐదో ఏడాది కాబట్టి అప్పుడే చూపిద్దామనుకుంటే రెండు ఇబ్బందులు. బ్యాంకు ఏటేటా జమపడిన వడ్డీ మీద టీడీఎస్ కోసి ఆ వివరాలు పంపేస్తుంది. మీ రిటర్నులో ఆ ఆదాయం కనిపించదు, నోటీసుకు అదే దారి. రెండోది, నాలుగు లక్షల పైచిలుకు వడ్డీ ఒక్క ఏడాదిలో పడితే స్లాబు పైకి జరగొచ్చు. అందుకే ఏటా వచ్చినదాన్ని ఆ ఏడాదే చూపించుకుంటూ పోవడమే మంచిది.

టాక్స్ సేవర్ ఎఫ్‌డీ అని పేరు పెట్టారు కానీ, అందులో పన్ను ఆదా అయ్యేది పాత విధానంలో మీరు వేసిన అసలు మీదే. వడ్డీకి పన్ను మామూలే. పోస్టాఫీసు ఎన్‌ఎస్‌సీ (జాతీయ పొదుపు పత్రం) వడ్డీ కూడా పన్ను పడేదే. కాకపోతే పాత విధానంలో, చివరి ఏడాది మినహా, కలిసిపోయిన వడ్డీని మళ్లీ 80సీలో (పొదుపు చేసిన సొమ్మును ఆదాయంలోంచి తగ్గించే సెక్షన్) చూపించుకోవచ్చు.

పన్నే పడని ఆదాయం ఉన్నవాళ్లు టీడీఎస్ ఆపించుకోవడానికి 15జీ, 60 నిండినవాళ్లు 15హెచ్ ఇస్తారు. ఇది ప్రతి ఆర్థిక సంవత్సరం, ప్రతి బ్యాంకుకూ విడిగా ఇవ్వాలి. ఈ రెండింటికీ ఒక పెద్ద తేడా ఉంది. 15హెచ్ ఇవ్వాలంటే ఆ ఏడాది కట్టాల్సిన పన్ను సున్నా అయితే చాలు, రిబేటు వల్ల సున్నా అయినా సరే. 15జీకి ఇంకో షరతు: మొత్తం వడ్డీ ఆదాయం కనీస మినహాయింపు పరిమితిని, అంటే కొత్త విధానంలో రూ.4 లక్షలను, మించకూడదు.

బాండ్లు: పేరొకటే, పన్ను తీరు నాలుగు రకాలు

ఆర్‌బీఐ ఫ్లోటింగ్ రేట్ సేవింగ్స్ బాండ్ రేటు ఎన్‌ఎస్‌సీ రేటు కంటే 0.35 శాతం ఎక్కువ ఉంటుంది. 2025లో అది 8.05. జనవరి 1న, జులై 1న వడ్డీ ఖాతాలో పడుతుంది, క్యుములేటివ్ ఆప్షన్ లేదు. ఏడేళ్ల లాకిన్. పేరులోనే టాక్సబుల్ అని ఉంది, 2024 అక్టోబర్ నుంచి రూ.10,000 దాటిన వడ్డీకి టీడీఎస్ కూడా ఉంది. 30 శాతం స్లాబువాళ్లకు మిగిలేది 5.54. పన్ను సున్నా ఉన్నవాళ్లకు మొత్తం 8.05.

పీపీఎఫ్‌తో దీన్ని పోల్చినప్పుడు విడిపోయే చోటు స్పష్టంగా కనిపిస్తుంది. 8.05లో పన్ను 11.8 శాతం దాటితే పీపీఎఫ్ 7.1 గెలుస్తుంది. పాత విధానంలో 5 శాతం స్లాబులో ఉన్నవాళ్లకు, కొత్త విధానంలో పన్నే పడనివాళ్లకు బాండే మేలు. వడ్డీ మీద 15 శాతం, ఆపైన పన్ను పడేవాళ్లకు పీపీఎఫ్ మేలు. కాకపోతే పీపీఎఫ్‌లో ఏడాదికి రూ.1.5 లక్షలే వేయగలం, గడువు 15 ఏళ్లు.

కొత్త విధానంలోకి మారాక 80సీ లేదు కదా అని పీపీఎఫ్ కట్టడం మానేసినవాళ్లు చాలామంది ఉన్నారు. నా దృష్టిలో అది తొందరపాటు. పోయింది వేసిన సొమ్ము మీద తగ్గింపు మాత్రమే. వడ్డీకి మినహాయింపు అలాగే ఉంది. 30 శాతం స్లాబులో 7.1 పన్ను రహితం అంటే 10.32 శాతం ఎఫ్‌డీతో సమానం. భద్రమైన చోట అలాంటి ఎఫ్‌డీ ఎక్కడా దొరకదు. పదేళ్ల లోపు ఆడపిల్ల ఉంటే సుకన్య సమృద్ధి ఇంకా మెరుగు, 8.2 శాతం, పన్ను లేదు. ఉద్యోగులైతే వీపీఎఫ్ (ఈపీఎఫ్‌లో తప్పనిసరి వాటాకు మించి ఇష్టపూర్వకంగా వేసేది) కూడా చూడాలి. ఈపీఎఫ్ రేటు 2024-25కి 8.25. ఉద్యోగి వాటా ఏడాదికి రూ.2.5 లక్షల లోపు ఉన్నంతవరకు దాని వడ్డీకి పన్ను లేదు. ఐదేళ్ల సర్వీసు నిండకముందు తీయకూడదు, అంతే.

ప్రభుత్వ సెక్యూరిటీలు అంటే జీ-సెక్‌లను ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్‌లో 2021 నవంబర్ నుంచి ఎవరైనా నేరుగా కొనుక్కోవచ్చు. వీటి వడ్డీకి టీడీఎస్ లేదు. దాంతో పన్నే లేదనుకునేవాళ్లున్నారు. ఆరు నెలలకోసారి వచ్చే వడ్డీ మొత్తం స్లాబు ప్రకారం లెక్కలోకి వస్తుంది. అయితే ఇందులో పై స్లాబువాళ్లకు పనికొచ్చే ఒక విషయం ఉంది. తక్కువ కూపన్ (బాండు ముఖవిలువ మీద ఇచ్చే వడ్డీ రేటు) ఉన్న పాత బాండు వంద రూపాయల ముఖవిలువకు 94 దగ్గర దొరికిందనుకోండి. మీ రాబడిలో కొంత వడ్డీగా, మిగతాది చివర్లో ఆరు రూపాయల లాభంగా వస్తుంది. లిస్టయిన బాండును 12 నెలలు దాటి ఉంచుకుంటే ఆ లాభం మీద పన్ను 12.5 శాతమే. అంటే మొత్తం రాబడి ఒకేలా ఉన్న రెండు బాండ్లలో తక్కువ కూపన్‌ది 30 శాతం స్లాబువాళ్లకు ఎక్కువ మిగులుస్తుంది.

కంపెనీ బాండ్ల ప్రకటనల్లో 9, 10 శాతాలు మెరుస్తుంటాయి. వడ్డీకి స్లాబు రేటే, ఏడాదికి రూ.10,000 దాటితే టీడీఎస్. 9 శాతం బాండు 30 శాతం స్లాబులో 6.19 అవుతుంది. 7 శాతం ఎఫ్‌డీతో పోలిస్తే పైకి రెండు శాతం తేడా, పన్ను పోయాక 1.37 శాతమే. అదనపు రాబడిలో ప్రభుత్వం మూడో వంతు దాకా తీసుకుంటుంది, కంపెనీ చెల్లించకుండా చేతులెత్తేస్తే మాత్రం నష్టంలో వాటా పంచుకోదు. పై స్లాబువాళ్లకు ఈ బేరం నాకు నచ్చదు.

టాక్స్-ఫ్రీ బాండ్లను ఎన్‌హెచ్‌ఏఐ, ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ, ఐఆర్‌ఎఫ్‌సీ, హడ్కో లాంటి ప్రభుత్వ రంగ సంస్థలు 2015-16 దాకా తెచ్చాయి. ఆ తర్వాత కొత్తవి రాలేదు. ఇప్పుడు కావాలంటే ఎక్స్ఛేంజ్‌లో పాతవి కొనాలి. వడ్డీకి పన్ను లేదు, అమ్మితే వచ్చే లాభానికి ఉంది. ఇక్కడ కూపన్ చూసి మురిసిపోవద్దు. రూ.1,000 బాండు 8 శాతానికి పైగా కూపన్‌తో ఉంటే మార్కెట్లో వెయ్యికి దొరకదు, ఎక్కువ పెట్టి కొనాలి. గడువు తీరాక వెయ్యే వస్తుంది. ఆ తేడా మూలధన నష్టం. దాన్ని వడ్డీలోంచి తీసేసుకోలేరు, వేరే మూలధన లాభాల్లోంచే తీసుకోవాలి. కాబట్టి చూడాల్సింది వైటీఎమ్, అంటే ఇప్పటి ధరకు కొని గడువుదాకా ఉంచుకుంటే ఏటా పడే రాబడి. అది 5.5 ఉంటే 30 శాతం స్లాబువాళ్లకు 8 శాతం ఎఫ్‌డీ కింద లెక్క. 20 శాతం స్లాబులో 6.94 కింద లెక్క, అంటే మామూలు ఎఫ్‌డీయే నయం.

ఇల్లో స్థలమో అమ్మినవాళ్లు కొనే 54ఈసీ బాండ్లు ఆ అమ్మకం లాభం మీద పన్ను తప్పిస్తాయి కానీ, వాటి వడ్డీకి పన్ను ఉంది. సావరిన్ గోల్డ్ బాండ్ల మీద వచ్చే 2.5 శాతం వడ్డీకీ అంతే.

డెట్ ఫండ్ల మీద 2023 ఏప్రిల్ 1 తర్వాత కొన్నవాటి లాభానికి ఎంతకాలం ఉంచినా స్లాబు రేటే. దాంతో వాటికీ ఎఫ్‌డీకీ తేడా లేదంటున్నారు. ఒక తేడా ఉంది, అమ్మిన ఏడాదే పన్ను. మూడేళ్లలో రిటైరయ్యేవాళ్లు ఇప్పుడు 30 శాతం కట్టే బదులు, జీతం ఆగిపోయాక అమ్మితే పన్ను చాలా తగ్గవచ్చు, ఒక్కోసారి పడకపోవచ్చు కూడా.

ఎవరి పేరు మీద?

రిటైరైన దంపతులకు ఇప్పుడు రోజులు బాగున్నాయి. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో ఒక్కొక్కరు రూ.30 లక్షలు 8.2 శాతం మీద వేస్తే ఒక్కొక్కరికి ఏడాదికి రూ.2.46 లక్షల వడ్డీ. వేరే పెన్షన్ కలిసినా చాలామందికి 12 లక్షలు దాటదు. అలాంటప్పుడు పాత విధానంలో రూ.50,000 దాకా వడ్డీ తగ్గించే 80టీటీబీ కోసం వెంపర్లాడక్కర్లేదు. వడ్డీ లక్ష దాటుతుంది కాబట్టి 15హెచ్ మాత్రం మర్చిపోవద్దు.

భార్య పేరు మీద ఎఫ్‌డీ వేస్తే పన్ను పోతుందన్నది పాత నమ్మకం. మీ డబ్బు జీవిత భాగస్వామికి ఇచ్చి డిపాజిట్ చేయిస్తే ఆ వడ్డీ మీ ఆదాయంలోనే కలుస్తుంది. మైనర్ పిల్లల పేరున వేసినా తల్లిదండ్రుల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు కలుపుతారు. జాయింట్ డిపాజిట్‌లో టీడీఎస్ మొదటి పేరున్నవాళ్ల పాన్ మీద పడుతుంది. కాబట్టి డబ్బు నిజంగా ఎవరిదో వాళ్ల పేరే ముందు పెట్టండి. లేకపోతే వడ్డీ ఒకరిది, టీడీఎస్ ఇంకొకరిది అయి రిఫండు దగ్గర తలనొప్పి.

అమ్మానాన్నలకు ఇస్తే మాత్రం ఈ కలపడం ఉండదు. తల్లిదండ్రులకు ఇచ్చే బహుమతికి పన్ను లేదు, ఆ డబ్బు మీద వచ్చే వడ్డీ వాళ్ల ఆదాయమే. మేజరైన కొడుకు, కూతురు విషయంలోనూ ఇంతే. వాళ్లకు ఆదాయం పెద్దగా లేకపోతే మీ దగ్గర 31 శాతం పోయే వడ్డీ వాళ్ల దగ్గర పూర్తిగా మిగులుతుంది. 12 లక్షల గట్టు మీద ఉన్నవాళ్లకు ఇది మరీ బాగా పనికొస్తుంది. కానీ ఇచ్చింది ఇచ్చినట్టే ఉండాలి. ఆ డబ్బు చట్టప్రకారం ఇక వాళ్లది, రేపు వాళ్ల వారసులందరికీ హక్కుంటుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్న ఇళ్లలో ఈ మాట ముందే అనుకుని, చేతికి నగదు ఇవ్వకుండా బ్యాంకు ద్వారా పంపి, ఒక చిన్న గిఫ్ట్ డీడ్ రాసి పెట్టుకోండి. నామినీ ఎవరో కూడా అప్పుడే నింపించండి.